34 నుంచి 63కి: లా పేపర్ నాకు అర్థమైంది బండల యూనిట్‌లో

మొన్న సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. గ్రూప్ 1 పాస్, లా పేపర్‌లో 63. అదే పేపర్‌లో గత మే నెలలో నాకొచ్చింది 34. ఆ 34 గురించే రాస్తాను. అకౌంట్స్, ట్యాక్స్ లెక్కలు చేస్తూ పోతే చేతికొస్తాయి, వాటి గురించి అందరూ చెప్తారు.

మే అటెంప్ట్‌కి కంపెనీల చట్టం నాలుగుసార్లు తిరగేశాను. సెక్షన్ నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. హాల్లో చిన్న కేసు ఇచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లకీ, వార్షిక రిటర్న్‌కీ దాఖలు గడువు 30 రోజులే అని రాసి వచ్చాను. రిజల్ట్ చూసి రెండు రోజులు అన్నం సహించలేదు. "లా అంటే బట్టీయే కదా, అదీ రాలేదా" అన్నవాళ్లున్నారు. నేను చదవక ఫెయిలవ్వలేదు. చదివింది ఎక్కడ పనికొస్తుందో తెలియక ఫెయిలయ్యాను.

మా మామకు తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ ఉంది, ప్రైవేట్ లిమిటెడ్. అంతకు ముందు ఏడాది గిరాకీ లేక మిషన్లు చాలా రోజులు ఆపేశారు. సెప్టెంబరు 30న ఏజీఎం (కంపెనీ సభ్యుల వార్షిక సమావేశం) మినిట్స్, అంటే మీటింగ్ రికార్డు, రాసుకున్నారు గానీ ప్రభుత్వానికి ఫారాలు వేయలేదు. "వ్యాపారమే లేని ఏడాదికి లెక్కలు ఎవురికి సూపల్ల రా అల్లుడా" అన్నాడు మామ.

నా రిజల్ట్ వచ్చాక, ఆగస్టు 26న ఆయన ఆఫీసులో, బండల దుమ్ము పట్టిన పాత క్యాలెండర్ ముందు పెట్టుకుని రోజులు లెక్కపెట్టాను. ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్ల ఫారం ఏఓసీ-4కి ఏజీఎం నుంచి 30 రోజులు, వార్షిక రిటర్న్ ఫారం ఎంజీటీ-7ఏకి 60 రోజులు. జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 9 ప్రకారం మీటింగ్ రోజు లెక్కలోకి రాదు. కాబట్టి ఒకదాని గడువు అక్టోబరు 30, ఇంకోదానిది నవంబరు 29. ఆలస్యం 300 రోజులు, 270 రోజులు. ఫారానికి రోజుకు 100 చొప్పున లేటు ఫీజు 30,000, 27,000. మొత్తం 57,000 రూపాయలు. ఆ యూనిట్‌లో నలుగురు పనోళ్ల నెల కూలి అది. మామ చాలాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం 30కీ 60కీ తేడా ఇక జన్మలో పోదు.

ఆ రోజు నుంచి ప్రతి సెక్షన్‌నీ మామ కంపెనీకి పెట్టి చదివాను. ఈ పని ఎవరు చేయాలి, ఏ రోజు నుంచి లెక్క, చేయకపోతే ఎంత పడుతుంది? కంపెనీ వేరు, దాని యజమాని వేరు అని చెప్పిన 1897 నాటి సాలమన్ కేసు కూడా అలాగే ఎక్కింది. కంపెనీ గల్లాపెట్టెలోంచి ఇంటి ఖర్చుకు తీసుకుంటే అది మామ సొంత డబ్బు కాదు, కంపెనీ డబ్బు. లా పేపర్‌లో 30 మార్కుల ఎంసీక్యూలు (ఆప్షన్లిచ్చే ప్రశ్నలు) అడిగేది ఇదే.

పొద్దున 4:30కి లేవండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. పగలంతా మామ యూనిట్‌లో పనిచేసి నేను చదవగలిగినప్పుడు, టైమ్ లేదని ఎవరూ అనకండి. మీ ఊళ్లో తెలిసినవాళ్ల కంపెనీ ఒకటి ఉంటుంది, వెళ్లి వాళ్ల మినిట్స్ పుస్తకం చూడండి.

ఆ ఆగస్టు తర్వాత వచ్చిన సెప్టెంబరు 30 ఏజీఎంకి నోటీసు నేనే రాశాను. మధ్యలో పూర్తిగా 21 రోజులు ఉండాలి, ఇచ్చిన రోజూ మీటింగ్ రోజూ పోను. 8వ తేదీన చేతికిచ్చాను. సభ్యులు మామా అత్తా ఇద్దరే. "ఒకే ఇంట్లో ఉండేటోళ్లకు నోటీసు ఏంది రా" అంది అత్త. అయినా సంతకం పెట్టించుకున్నాను. ఈసారి ఫారాలు రెండూ అక్టోబరులోనే వేసేశాం.