నల్లరేగడి మట్టితో బీటెక్ పరిశోధన

మూడో సంవత్సరంలో అడుగుపెట్టిన విద్యార్థులు నా గదికి వచ్చి, "సార్, మేము గూడ ఒక పేపర్ వేయాలె" అని అడగడం ఇటీవల బాగా పెరిగింది. హనుమకొండలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో సివిల్ విభాగంలో పాఠాలు చెప్పే నాకు ఆ మాట వింటే సంతోషంతో పాటు కొంత దిగులూ కలుగుతుంది. సిలబస్‌లో లేని పనిని వారు తమంతట తాము కోరుకుంటున్నారు, అది సంతోషం. కానీ చాలామంది మనసు ఆ పని చివర పత్రికలో అచ్చయ్యే పరిశోధన వ్యాసం మీదే ఉంటుంది. బీటెక్ స్థాయిలో పరిశోధన నిలబడాలంటే ప్రశ్న చిన్నదై ఉండాలి, దానికి కావలసిన కొలతను విద్యార్థి తన చేతులతోనే తీయాలి, ఆ కొలతను నిలదీసి అడిగే అధ్యాపకుడు పక్కన ఉండాలి. ఈ మూడూ కుదిరిన చోట పేపర్ వచ్చినా రాకపోయినా విద్యార్థి ఇంజినీరుగా ఎదుగుతాడని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక బృందం ఇంటర్నెట్‌లో దొరికిన అంకెల పట్టికను తీసుకువచ్చి, మెషిన్ లెర్నింగ్‌తో, అంటే పాత అంకెల నుంచి కంప్యూటర్ నేర్చుకునే పద్ధతితో, నేల బలాన్ని అంచనా వేస్తామని ప్రతిపాదించింది. ఆ పట్టికలోని మట్టి ఏ ఊరిదో, ఎంత లోతు నుంచి తీసినదో వారిలో ఎవరికీ తెలియదు. అందుకని ముందు మన చుట్టూ ఉన్న మట్టిని చూద్దామన్నాను. పరకాల వైపు పత్తి చేలలో నల్లరేగడి ఉంది. అందులోని బంకమన్ను ఖనిజం పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఆ నేల మీద వేసిన రోడ్లు, కట్టిన చిన్న ఇళ్ల గోడలు పగుళ్లివ్వడానికి ముఖ్య కారణం ఇదే. ఇటు భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి బొగ్గు బూడిదకు కొదవ లేదు. ఈ బూడిదను కొద్దిపాటి సున్నంతో కలిపి ఈ మట్టిలో వేస్తే ఉబ్బు ఎంత తగ్గుతుంది? ఇలాంటి ప్రశ్న మీద దేశంలో ఇప్పటికే చాలా పని జరిగింది. అయినా ఈ మట్టికి, ఈ బూడిదకు జవాబు కొలిస్తేనే తెలుస్తుంది కాబట్టి విద్యార్థికి ఆ మాత్రం కొత్తదనం చాలునని నా అభిప్రాయం.

మొదటి పరీక్ష ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే మట్టి నీటిలో అడ్డులేకుండా ఎంత ఉబ్బుతుందో చెప్పే కొలత. ఓవెన్‌లో ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, మరొకదానిలో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల గీత వరకు పోస్తారు. గాజుకడ్డీతో కలిపి గాలిబుడగలు పోగొట్టి 24 గంటలు కదల్చకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి రెండు జాడీల్లోని మట్టి ఎత్తుల తేడాయే ఉబ్బుకు కొలమానం. చూడటానికి ఇంత సులువైన పరీక్షలోనే, ఒకే బస్తాలోని మట్టికి ఇద్దరు విద్యార్థులు ఎంతో తేడా ఉన్న విలువలు తెచ్చారు. రెండింటి సగటు తీసి ముందుకు పోదామని వారు అడిగారు, నేను ఒప్పుకోలేదు. తేడా ఎక్కడ పుట్టిందో తేలేవరకు బూడిద సంచి విప్పవద్దన్నాను. బస్తాలో పైమట్టి, అడుగుమట్టి ఒకే తీరుగా ఉండవు కాబట్టి, మట్టినంతా కుప్పపోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను కలుపుకుంటూ నమూనా తీయించాను. తేడా కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

అసలు కారణాన్ని పట్టుకున్నది పత్తి రైతు కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. జల్లెడలో మిగిలిన తెల్లని సున్నపు గుళికలను చూసి, తమ చేను దున్నేటప్పుడు కూడా ఇవి పైకి తేలతాయని చెప్పింది. ఆమె చెక్క సుత్తితో గడ్డలను మాత్రమే విడగొట్టింది. మరో విద్యార్థి ఇనుప రోకలితో గట్టిగా దంచడంతో ఆ గుళికలు కూడా పొడై జల్లెడ దాటాయి. ఉబ్బని సున్నపు పొడి పది గ్రాముల్లో చోటు తీసుకుంది కాబట్టి అతని విలువ తగ్గింది. రేణువులు పగలకుండా మట్టిని విడగొట్టాలన్న నియమం ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్నదే. అది ఎందుకు ఉందో మాత్రం ఆ రోజే వారికి అర్థమైంది. నేను వెంటనే జవాబు చెప్పి ఉంటే వారికి ఒక వాక్యం తెలిసేది, అంతే. మార్గదర్శి ఓపికపట్టి మౌనంగా ఉండవలసిన సందర్భాలు ఇలాంటివే.

ఇక కాలం సంగతి. బూడిదలోని సిలికా, అల్యూమినా నీటి సమక్షంలో సున్నంతో కలిసి మట్టిరేణువులను పట్టి ఉంచే బంధనం కావడం చాలా మెల్లగా జరుగుతుంది. అందుకే అలా కలిపిన మట్టి బలం 7 రోజులకు ఒకటి, 28 రోజులకు ఒకటి, 90 రోజులకు మరొకటి ఉంటుంది. మిడ్ పరీక్షలు, ప్రాంగణ నియామకాల మధ్య నలిగే చివరి సెమిస్టర్‌లో 90 రోజుల నమూనాకు చోటే లేదు. అందుకే ఈ పని రెండో సంవత్సరం చివర్లో మొదలుకావాలని మా విభాగంలో పదేపదే కోరుతున్నాను. అమెరికాలోని ఎంఐటీ 1969లోనే బీటెక్ స్థాయి విద్యార్థులను అధ్యాపకుల పరిశోధనలో చేర్చుకునే కార్యక్రమాన్ని మొదలుపెట్టి నేటికీ నడుపుతోంది. మన దగ్గర ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్నది సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ పెట్టిన నిష్పత్తి. పాఠాలు, మూల్యాంకనం, అక్రెడిటేషన్ (నాణ్యత గుర్తింపు) ఫైళ్లు పోగా మిగిలే సాయంత్రాల్లోనే ఈ పని సాగాలి. కళాశాలలు దీన్ని అధ్యాపకుడి పనిగంటల్లో లెక్కించనంత కాలం ఇది కొందరి ఇష్టం మీదే ఆధారపడి ఉంటుంది, అది న్యాయం కాదు.

విద్యార్థులను సీజీపీఏ (మార్కుల సగటు) చూసి ఎంచుకోవడం నాకు నచ్చదు. పాలిటెక్నిక్ చదివి ఈసెట్ ద్వారా రెండో సంవత్సరంలో చేరినవారికి ల్యాబ్‌లో చెయ్యి బాగా తిరిగి ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషుకు జంకే పిల్లలను ల్యాబ్ నోట్‌బుక్ తెలుగులోనే రాయమంటాను. తేదీ, తూకం, ఆ రోజు గమనించిన విశేషం స్పష్టంగా ఉంటే ఏ భాషైనా సరే.

డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికల జోలికి వెళ్లవద్దని మొదటి రోజే చెబుతాను. పేరుకు ముందు "అంతర్జాతీయ" అని ఉన్నంత మాత్రాన అక్కడ ఎవరూ వ్యాసాన్ని చదివి సరిదిద్దరు, ఆ ఫీజు కట్టేది చాలాసార్లు వ్యవసాయం చేసుకునే తండ్రి. అలాగే పనిలో పాలుపంచుకోని అధ్యాపకుడి పేరు వ్యాసంలో చేర్చడాన్ని నేను అంగీకరించను. బూడిద ఒక మోతాదు దాటాక బలం పెరగలేదన్న ఫలితాన్ని దాచకుండా రాయడమూ ఈ నిజాయితీలో భాగమే.

రామప్ప గుడి తేలికపాటి ఇటుకల మీద, సింగరేణి గనుల మట్టిగుట్టల మీద అడగదగిన ప్రశ్నలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వేసవిలో వేరే సంస్థలో పనిచేయాలనుకునేవారికి జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల ఫెలోషిప్‌లు ఉన్నాయి. మార్గదర్శి కోసం వెతికే విద్యార్థులు "ఏదైనా టాపిక్ ఇవ్వండి సార్" అని రాకుండా, తమ ఊళ్లో చూసిన ఒక ఇబ్బందిని, దాని గురించి చదివిన ఒకటి రెండు వ్యాసాలను, వారంలో తాము కేటాయించగల గంటలను ఒక కాగితం మీద రాసుకొని రావాలి. అలా వచ్చినవారిని నేను కూర్చోబెట్టి మాట్లాడతాను, మా విభాగంలో చాలామంది అధ్యాపకులు కూడా అదే చేస్తారు.