వేసవి సెలవులు, వానాకాలం ఫొటోలు

మేముండే న్యూజెర్సీలో బళ్ళు మూసేది జూన్ మూడోవారంలో. ఆంధ్రలో వేసవి సెలవులు అయిపోయి బళ్ళు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. అందుకని మా పిల్లలు సమ్మర్ అంటూ బయల్దేరి కోనసీమలో దిగేసరికి అక్కడ ఎండాకాలం ఉండదు. ఆవకాయ జాడీలకి వాసెనలు కట్టేసి చాన్నాళ్ళవుతుంది. బంగినపల్లి అయిపోతుంది, ముంజలు ముదిరిపోతాయి, తాటిపళ్ళు ఇంకా రాలవు. ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు వదిలేసి ఉంటారు, ఆకుమళ్ళు పచ్చగా లేచి ఉంటాయి. ఎగువన వానలు పడేకొద్దీ గోదావరి ఎర్రబడుతుంది. నేను పెరిగిన వేసవి సెలవులు, అంటే మామిడితోటలు, డాబా మీద పడకలు, నీళ్ళు కట్టేసిన కాలవలో క్రికెట్టు, ఇవేవీ మా పిల్లల ఆల్బంలో లేవు. అందులో ఉన్నవి గొడుగులు, బురదకాళ్ళు, ఎర్రనీళ్ళు, బడికి వెళ్ళిపోతున్న మేనమామ పిల్లల వీపుల మీద పుస్తకాల సంచులు.

ఆ సంచుల ఫొటో నాకు చాలా ఇష్టం. పొద్దున్న ఎనిమిదింటికి మా అన్నయ్య పిల్లలిద్దరూ యూనిఫాంలో సైకిళ్ళెక్కుతుంటే మావాళ్ళు నిక్కర్లతో గేటు పట్టుకుని చూస్తున్నారు. రాత్రి పడ్డ వానకి వీధంతా గుంటలు. మేం వచ్చామని ఆ ఊళ్ళో ఎవరి పనీ ఆగదు, ఎవరి హోంవర్కూ ఆగదు. సాయంత్రం నాలుగున్నరయ్యి సైకిల్ బెల్లు వినబడేదాకా మావాళ్ళు అమ్మమ్మ వెనకాలే తిరగాలి, చిక్కుడుకాయలు తుంపాలి, తాతయ్య పేపరు చదువుతుంటే వినాలి. నన్నడిగితే ఆ ఎదురుచూపే వాళ్ళకి మంచి చేసింది. సెలవుల్లో కలిసే పిల్లలందరూ ఒక్కలాగే ఉంటారు. బడి ఉన్నరోజు చూస్తేనే తన ఈడువాడు ఎలా బతుకుతున్నాడో తెలుస్తుంది.

ఫొటోలు తీయడం నాకు ఉద్యోగం కాదు, ఇష్టం. పాత నికాన్, దానికి ఒక 35 ఎంఎం లెన్సు, అంతే. జూమ్ లేదు కాబట్టి మనిషి కావాలంటే మనిషి దగ్గరికే వెళ్ళాలి. ఊరు వెళ్ళినప్పుడు తీసే ఫొటోల గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. పిల్లల్ని పెద్దవాళ్ళ పక్కన నిలబెట్టి తీసిన ఫొటో కంటే, ఆ పెద్దవాళ్ళతో కలిసి ఏదో ఒక పని చేస్తుండగా తీసినది పదేళ్ళ తర్వాత ఎక్కువ పనికొస్తుంది. అంతర్వేది గుడి ముందు వరసగా నిలబడ్డ ఫొటో చూసి మా అబ్బాయి “అవును, వెళ్ళాం” అంటాడు, పేజీ తిప్పేస్తాడు. తాతయ్య కొబ్బరికాయ ఒలుస్తుంటే తను పీచు లాగుతున్న ఫొటో చూస్తే మాత్రం ఆగుతాడు. గునపం ఎంత పదునో, తాతయ్య ఎన్నిసార్లు చెయ్యి వెనక్కి తియ్యమని కేకలేశారో, మొత్తం చెబుతాడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. చెప్పనీ, చాలు.

ఒకసారి ఆత్రేయపురం వెళ్ళాం. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక చాలామంది వెళ్తున్నారు, డబ్బాలు కొనుక్కుని వచ్చేస్తున్నారు. నాకు కావలసింది రేకు తీసే చోటు. అడిగితే ఒకావిడ ఇంటి వెనక పాకలోకి రమ్మన్నారు. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే చాలు, క్షణంలో రేకు తేలుతుంది. దాన్ని అంచు పట్టుకుని లేపి పక్కన పేరుస్తారు. నేను కుండకి ఈవల, తలుపులోంచి వచ్చే వెలుగుకి ఎదురుగా కూచున్నాను. ఆవిడ రేకు ఎత్తినప్పుడల్లా ఆవిడ వేళ్ళు దానిలోంచి కనబడుతున్నాయి. పొగకి కళ్ళు మండుతున్నాయి, లెన్సు తుడుచుకోవడమే సరిపోయింది. మా అమ్మాయి తనూ చేస్తానంది. మొదటిది కుండ మీదే చిరిగింది, రెండోదీ అంతే. “కంగారుపడకమ్మా, నీ చెయ్యి భయపడతంది. మధ్యలో ఆపకుండా లాగెయ్యి” అన్నారావిడ. మూడోది సగం వచ్చింది. ఆ సగం రేకుని రెండు చేతులతో పట్టుకుని మా అమ్మాయి ఆవిడ వైపు చూస్తున్న ఫొటో ఇప్పుడు మా వంటింట్లో ఉంది. పిల్ల మొహం సరిగ్గా పడలేదు, వెలుగు వెనక నుంచి వచ్చి నల్లబడింది. అయినా అదే కావాలంది.

నాకు ఈ ఫొటోల మీద ఇంత పట్టింపు ఎందుకంటే, మా ఇంట్లో పాత ఆల్బం మిగల్లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపానులో మా పెంకుటింటి కప్పు సగం లేచిపోయింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. వెయ్యిమందికి పైగా పోయిన తుపాను అది. లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. మా ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు అనుకున్నాం. ట్రంకుపెట్టె సంగతి చాలారోజుల తర్వాత గుర్తొచ్చింది. ఆల్బం మొత్తం నీళ్ళు తాగి ఒకే ముద్ద అయింది. పాత ప్రింట్ల మీద జిలటిన్ పొర ఉంటుంది, తడిస్తే బంకలా మెత్తబడి, ఆరేటప్పుడు దేన్ని ఆనుకుంటే దాన్ని పట్టేసుకుంటుంది. విడదీయబోతే ఒక ఫొటోలో బొమ్మ ఊడి రెండోదాని వెనక అంటుకునేది. మా అమ్మ ఒక్కొక్కటీ ఎండలో పెట్టి చూసి, చివరికి చాలించుకుంది. మా తాతయ్య ఫొటో ఒకటి ఫ్రేము అద్దానికే అతుక్కుపోయి, కుడివైపు మొహంతో మిగిలింది. మా అమ్మాయి “అమ్మమ్మ నా అంత ఉన్నప్పుడు ఎలా ఉండేది?” అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. రేపు మా పిల్లల పిల్లలు అడిగితే చూపించడానికి ఉండాలి. అందుకే ప్రతి ఫొటో ఒకటి ఇక్కడి హార్డ్‌డిస్కులో, ఒకటి అమలాపురంలో మా అన్నయ్య దగ్గర, ఒకటి కాగితం మీద.

అక్కడ ఫొటోలు తీయడంలో కొన్ని ఇబ్బందులున్నాయి. ఏసీ గదిలోంచి కెమెరా పట్టుకుని బయటికొస్తే జూలై ఉక్కకి లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. సంచిలోనే ఉంచి అరగంట వరండాలో పెడితే సర్దుకుంటుంది. ఎండ కాసినప్పుడు మధ్యాహ్నం వీధిలో తీయకపోవడమే మంచిది, మొహాల మీద నీడలు గాట్లు పెట్టినట్టు పడతాయి. అదే వేళకి మండువా లోగిలి ఉన్న ఇంట్లో కూచుంటే అంత మంచి వెలుగు స్టూడియోలో కూడా దొరకదు. మా అమ్మ పుట్టింట్లో ఇంకా ఉంది మండువా. పైనుంచి వెలుగు దిగి, గచ్చు మీద పడి, చుట్టూ కూచున్న వాళ్ళ మొహాలకి కిందనుంచి కూడా తగులుతుంది. వాన పడుతున్నప్పుడైతే నాలుగువైపుల చూరుల నుంచి నీళ్ళు ధారకడుతుంటే పిల్లలు మధ్యలో చేతులు చాపి నిలబడతారు. అక్కడ తీసిన వాటిలో చెడ్డ ఫొటో అంటూ లేదు.

మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు వచ్చాక నా పాత చిన్న కెమెరా వాడి మెళ్ళో వేశాను. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున కొవ్వూరు దాటగానే లేపాను. ఏసీ బోగీ అద్దం మసకగా ఉంది, అయినా వాడు ముక్కు ఆనించి తీస్తూనే ఉన్నాడు. ఆర్చీలు, వాటి అవతల హేవలాక్ వంతెన. 1900లో కట్టడం పూర్తయిన ఆ వంతెన మీద 1997 నుంచి రైళ్ళు నడవడంలేదని మా ఆయన చెప్పారు. “మరి ఎందుకు ఉంచారు?” అన్నాడు వాడు. పక్క బెర్తు పెద్దాయన “మన తాతల్ని దాటించింది కదు బాబూ” అని జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి గోదారమ్మకి దణ్ణం పెట్టుకున్నారు. అద్దం తెరుచుకోదు కాబట్టి ఆ బిళ్ళ మావాడి చేతిలో పెట్టి, రేవులో వెయ్యమన్నారు. ఆ చెయ్యి, బిళ్ళ, వెనక మసగ్గా నది. వాడే తీశాడు.

పిల్లవాడు తీసిన ఫొటోలు పెద్దవాళ్ళు తీసేలాంటివి కావు. వాడి ఎత్తులో ప్రపంచం ఎలా ఉందో అలా ఉంటాయి. గుమ్మంలో చెప్పులు, అమ్మమ్మ మందుల డబ్బా, ఇన్వర్టరు మీద నిద్రపోతున్న పిల్లి, రిక్షా తాత సైకిల్ చైను. ప్రతిదానికీ పేరు కావాలి, ఎవరిదో కావాలి. ఇంటింటికీ వెళ్ళి అడిగాడు. వాడు అడుగుతున్నాడని వాళ్ళూ కూచోబెట్టి చెప్పారు. వద్దన్నవాళ్ళని తీయకూడదన్నది ఒక్కటే నేను పెట్టిన నియమం. చేలో వంగి పనిచేసే మనిషిని అడక్కుండా తీయకూడదు, తీస్తే కాగితం మీద వేయించి ఇవ్వాలి. మా వదిన చెల్లెలి కూతురు తన ఫొటో ఎక్కడా పెట్టొద్దంది, పెట్టలేదు.

మా మేనత్త సంగతి చెప్పాలి. ఎనభై దాటాయి. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను పిలిచి, “నీ దగ్గర పెద్ద కెమెరా ఉందిగా, నాకో మంచి ఫొటో తియ్యవే. లేకపోతే నేను పోయాక ఆధార్ కార్డు మీద బొమ్మే పెద్దది చేయించి గోడకి తగిలిస్తారు మీరంతా” అంది. మా అమ్మాయి పక్కనే ఉంది, బిత్తరపోయింది. అత్తయ్య మాత్రం లేచి ఉప్పాడ చీర కట్టుకుని, కాసులపేరు వేసుకుని వచ్చి ఉత్తరం వరండాలో కుర్చీలో కూచుంది. మబ్బు పట్టి ఉంది, మెత్తటి వెలుగు. కళ్ళకింద నీడ తీయడానికి మా నాన్న తెల్లపంచె ఒకటి నాలుగు మడతలు పెట్టి మా అమ్మాయి చేతికిచ్చి, అత్తయ్య ఒడికి కాస్త ముందుగా పట్టుకోమన్నాను. “మామ్మా, నవ్వండి” అంది మా అమ్మాయి. “దండేసిన ఫొటోలో పళ్ళు కనబడితే బాగోదు తల్లీ.” సరే, నిండుగా కూచుంది, తీశాను. తర్వాత మా అమ్మాయి ముక్కుపుడక గురించి ఏదో అడిగితే, పెళ్ళయ్యాక కాలవలో పడవ మీద అత్తారింటికి వెళ్ళడం, దారిలో వాన, తడిసిన పట్టుచీర, లాకుల దగ్గర పడవ ఆగిపోవడం, అన్నీ మొదలుపెట్టింది. అప్పుడు నవ్వింది. అదీ తీశాను.

ఆ రాత్రి మా అమ్మాయి నిద్రపోలేదు. “తను చనిపోవడం గురించి అంత మామూలుగా ఎలా మాట్లాడతారు?” అంది. అమెరికాలో వాళ్ళకి ఈ మాటలు వినే అవకాశమే రాదు. పెద్దవాళ్ళు దూరంగా ఉంటారు, చావు ఫోన్లో తెలుస్తుంది, టికెట్లు దొరికితే అమ్మో నాన్నో ఒక్కరే వెళ్ళొస్తారు. నేను దాన్ని హాల్లోకి తీసుకెళ్ళి గోడమీద గంధంబొట్లు పెట్టిన ఫొటోలు చూపించాను. ఎవరెవరు, ఎవరికి ఏమవుతారు, ఎవరు దేనికి కోప్పడేవారు. సగంలో మా అమ్మ లేచి వచ్చి మిగతావి తనే చెప్పింది. రెండింటిదాకా కూచున్నాం ముగ్గురం. ఆ పిల్లకి తన వెనక ఇంతమంది ఉన్నారని తెలిసింది ఆ రాత్రే అని నేను నమ్ముతున్నాను. అత్తయ్య రెండు ఫొటోలూ చూసి, నిండుగా ఉన్నది ఫ్రేము కట్టించి బీరువాలో పెట్టుకుంది. నవ్వుతున్నది మాకిచ్చింది. బీరువాలోది ఇంకా బీరువాలోనే ఉంది, చాలా ఏళ్ళు అక్కడే ఉండాలి.

తిరుగు ప్రయాణానికి ముందు అమలాపురం కలర్ ల్యాబులో నాలుగు బై ఆరు అంగుళాల ప్రింట్లు వేయించి అందరికీ పంచుతాం. ఫోన్లలో పంపింది రెండురోజుల్లో కిందికి పోతుంది, కాగితం దేవుడి గూట్లోనో అద్దం అంచునో నిలబడుతుంది. మాకు తెచ్చుకునేవాటి వెనక మా అమ్మాయి తెలుగులో రాస్తుంది. పేరు, వరస, ఊరు, జిల్లా. నేను చిన్నప్పుడు తూ.గో. జిల్లా అని రాసేదాన్ని, మా అమ్మాయి 2022 నుంచి కోనసీమ జిల్లా అని రాస్తోంది. ఇక్కడ పిల్లలకి తెలుగు నేర్పే మనబడిలో నేర్చుకున్న అక్షరాలవి, ఒత్తులు కొన్ని పక్కకి పోతాయి. నేను దిద్దను. ఆ ఫొటోలు ఎడిసన్‌లో మా మెట్లపక్క గోడకి పిల్లల కంటి ఎత్తులో పెట్టాను. ఆదివారం పొద్దున్న, అక్కడ సాయంత్రం, వీడియోలో మాట్లాడేటప్పుడు ఫోను ఆ గోడ దగ్గరికి పట్టుకెళ్ళి “మామ్మా, మీరిక్కడ” అని చూపిస్తారు.

మొన్న ఫోన్లో మా మేనల్లుడు ఒక మాటన్నాడు. “అత్తా, మా బడి, మా సైకిళ్ళు, మా పిల్లి, అన్నీ మీ గోడమీదున్నాయి. మీ బడి బస్సు ఎలా ఉంటదో మాకు తెలీదు. మంచులో నవ్వుతూ నిలబడ్డవి కాదు, పొద్దున్న లేచి ఏం చేస్తారో అవి తీసుకురండి.” మా పిల్లలిద్దరూ అప్పుడే జాబితా రాయడం మొదలెట్టారు. చీకట్లో బస్సు కోసం నిలబడటం, నాన్న పారతో మంచు తీయడం, బుధవారం చెత్తడబ్బాలు రోడ్డుమీదకి లాగడం, లైబ్రరీలో వాళ్ళ మూల, పక్కింటి గుజరాతీ బామ్మ పెట్టే థేప్లా రొట్టెలు. ఎవరు ఏది తీయాలో వాటాలు వేసుకున్నారు. బస్సు డ్రైవరుగారిని అడిగి, ఆవిడ ఒప్పుకున్నాక మా అబ్బాయి మొదటిది తీసేశాడు. ఆవిడకి కూడా ఒక ప్రింటు వేయించాలని నాకు చెప్పాడు.