చెవి మీద ఎర్ర పెన్సిల్

మన స్కూలు పాత విద్యార్థులం కలిసే రోజుకి వేస్తున్న సావనీర్‌కి రెండు పేజీలు రాసిమ్మని కమిటీ వాళ్ళు నాలుగుసార్లు ఫోన్ చేశారు. కాలువలో చెప్పుల సంగతి, ఇన్‌స్పెక్షన్ నాటి గంట సంగతి బుజ్జి ఎలాగూ రాస్తాడు. నేను స్టోర్‌రూమ్ గురించి రాస్తాను. నా ఉద్యోగానికి పునాది పడింది అక్కడేనని నా నమ్మకం.

తొమ్మిదో తరగతిలో సైన్స్ మాస్టారు స్టాకు రిజిస్టర్ నాకు అప్పగించారు. బీరువాలోంచి సుద్దముక్క కదిలినా తేదీ, వస్తువు, ఎన్ని, ఎవరికి అని రాయాల్సిందే. ఓ మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారి విజిల్‌తో ఆఖరి గీత నిండిపోయింది. కొత్త రిజిస్టర్ ఉన్నదీ ఆ బీరువాలోనే. తీస్తే తీసినట్టు రాయాలి, రాయడానికి చోటు లేదు. కలరా ఉండల వాసన పీలుస్తూ బీరువా ముందు అలాగే నిలబడిపోయాను. వెనకాల సిరా కోసం పొట్టి, మ్యాపు కోసం లీడరు, వాళ్ళ వెనక ఇంకో నలుగురు. సోషల్ క్లాసు మ్యాపు లేకుండానే అయిపోయింది, మీకు గుర్తుండే ఉంటుంది.

మాస్టారు వచ్చారు. ఒక్క మాట అనలేదు. జేబులో ఎర్ర పెన్సిల్ తీసి నా కుడి చెవి మీద పెట్టారు. చెక్కిన మొన చల్లగా కణతకి తగిలింది.

"ఇది చెవి మీదున్నంతసేపూ నువ్వు రిజిస్టర్ పనిలో ఉన్నట్టురా. ఆ పని కోసం ఏం తీసినా రాయక్కర్లేదు. పనవగానే తీసెయ్. మర్చిపోయావంటే ఇంక ఏదీ లెక్కలోకి రాదు."

కొత్త పుస్తకంలో ఆఖరి పేజీ మడతపెట్టి, "దీని జోలికి రాకు. పుస్తకం మార్చే రోజుకి ఉంచు" అన్నారు.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. ఇప్పుడు హైదరాబాద్‌లో లినక్స్ కెర్నెల్ మెమరీ మీద, అంటే కంప్యూటర్‌ని లోపలుండి నడిపించే ప్రోగ్రాం మెమరీని ఎలా పంచుతుందో దాని మీద, పనిచేస్తున్నాను. అందులో పేజ్ ఓనర్ అని ఒకటుంది. అచ్చం మన రిజిస్టరే. మెమరీని ముక్కలు చేసి ఒక్కో ముక్కని పేజీ అంటారు; ఏ పేజీని ఎవరు తీసుకున్నారో, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్ని పిలిస్తే అక్కడిదాకా వచ్చిందో, ఆ వరస రాసిపెడుతుంది. రాతకి చోటు కావాలి. ఆ చోటిచ్చేదీ పేజీలు పంచే అదే అలొకేటర్. ఇస్తే దాన్నీ రాయాలి. అడ్డుకట్ట లేకపోతే పిలుపు మీద పిలుపు పేరుకుని, పిలుపులు దాచుకునే చిన్న కెర్నెల్ స్టాక్ నిండి మిషన్ కూలిపోతుంది.

మొదట్లో ఆ వరసనే వెనక్కి చదివి, ఈ దారిలో ఇంతకుముందే వచ్చామా అని వెతికేవారు. అది నెమ్మది. పైగా ఇటానియం ప్రాసెసర్ మీద వరస తీయడానికే మెమరీ కావాల్సొచ్చేది, కాబట్టి వెతికేలోపే చిక్కులో పడిపోయేవాళ్ళం. 2021లో, 5.13 వెర్షన్‌లో, నడుస్తున్న టాస్క్ మీదే, అంటే ఆ క్షణాన పని చేస్తున్న ప్రోగ్రాం మీదే, ఒక్క బిట్ పెట్టారు. లోపలికి వెళ్తూ 1, బయటికొస్తూ 0. అది 1గా ఉండగా మళ్ళీ పిలుపొస్తే వరస రాయకుండా డమ్మీ గుర్తు ఇచ్చి పంపేస్తారు. పనిలో ఉన్నామన్న గుర్తు ఉన్నది పుస్తకంలో కాదు, రాసేవాడి చెవి మీద! ఆ మార్పు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మడతపెట్టిన పేజీ కూడా ఉంది. మెమరీ చాలక పాత పేజీలు ఖాళీ చేసే టాస్క్‌కి పీఎఫ్ మెమ్‌అలాక్ అనే గుర్తు పెడతారు. ఆ పని మధ్యలో దానికే మెమరీ కావాల్సొస్తే మళ్ళీ ఖాళీ చేయడానికి దిగదు, విడిగా ఉంచిన నిల్వలోంచి తీసుకుంటుంది.

మా టీమ్ సొంతంగా రాసుకున్న టూల్‌లో ఇదే చిక్కు వచ్చి మూడు రోజులు టెన్షన్ పడ్డాం. ఒక్క బిట్‌తో తీరింది. ఎలా తట్టింది సార్ అని కుర్రాళ్ళు అడిగితే బోర్డు మీద మన బీరువా బొమ్మ గీశాను. ఇప్పుడు మా దగ్గర అందరూ దాన్ని పెన్సిల్ బిట్ అనే అంటారు.

మొన్న మాస్టారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "మధ్యలో ఏదైనా తప్పొచ్చి వెనక్కొచ్చేస్తే? అప్పుడు పెన్సిల్ ఎవరు తీస్తార్రా?" అని అడిగారు. బయటికొచ్చే ప్రతి దారిలోనూ తీస్తున్నామండీ, రెండుసార్లు సరిచూశాను అన్నాను. కాసేపు మాట లేదు. "అన్నం తిన్నావా?" అన్నారు.

మనం కలిసే రోజు ఆయన్ని నా కారులో తీసుకొస్తాను. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. రెండో బెంచి వాళ్ళు చేతులున్న కుర్చీ ఒకటి చూసి, కింద స్టోర్‌రూమ్ గుమ్మం పక్కనే వెయ్యండి.