వానకు ముందే చిగురించే కొండ

మార్చి నెలాఖరున విశాఖపట్నంలో మూడు రోజులున్నాను. బంధువుల పెళ్లి, సింహాచలం దర్శనం సవ్యంగానే జరిగాయి గానీ, రాయాలనిపించినది మాత్రం కంబాలకొండ అడవిలో గడిపిన ఒక్క ఉదయం గురించే.

ఆ ఉదయం చిరాకుతోనే మొదలైంది. మద్దిలపాలెంలో ఎక్కిన ఆటోకు, సిటీ బస్సులో నాలుగైదుగురు వెళ్లగలిగే డబ్బు ఇచ్చుకోవలసి వచ్చింది. అంత ఖర్చుపెట్టి లోపలికి వెళితే కొండవాలంతా ఎండు కట్టెలమోపులా కనిపించింది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి, ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉన్నది, చూడవలసిన కాలం ఇది కాదేమో అనుకుని నిరాశపడ్డాను.

మాది కోనసీమ. అక్కడ కొబ్బరితోటలు ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. కాలువలు కట్టేస్తే వేసవి, నీళ్లు వదిలితే నారుమళ్ల కాలం. నీరు వచ్చాకే పచ్చదనం వస్తుందన్నది నాకు చిన్ననాటి నుంచి ఉన్న లెక్క.

దారి చూపడానికి తోడు వచ్చిన పెద్దాయన నా ముఖం చూసి, "ఎండిపోయిందనుకుంటన్నారా బాబూ? కొమ్మ గిల్లి సూడండి" అన్నారు. ఆకొక్కటీ లేని కొమ్మను గోటితో గీకితే పైపొర కింద తడి తడిగా, లేత ఆకుపచ్చగా ఉంది. ఆ తరువాత నేను ప్రతి చెట్టు దగ్గరా ఆగడం మొదలుపెట్టాను.

మలుపు తిరిగాక కనిపించిన కొండగోగు నన్ను పూర్తిగా నిలబెట్టేసింది. మోడువారిన చెట్టు, కొమ్మల చివర్లలో మాత్రం అరచేతి వెడల్పు పసుపు పూలు. డిసెంబరు తరువాత సరైన వాన లేని నేలలో ఇంత పూత ఎక్కడి నుంచి వచ్చింది? ఆకులు రాల్చుకోవడంతో వాటి నుంచి ఆవిరైపోయే నీరు ఆగిపోతుంది. వేళ్లు తెచ్చే కొద్దిపాటి తడి మెత్తని మానులో నిలువ చేరుతుంది. చెట్టు పూచేది ఆ నిలువతోనే. ఆకుల అడ్డు లేనందున పూలు తేనెటీగలకు దూరం నుంచే కనిపిస్తాయి. కాయలు పగిలాక దూదిలాంటి పోగులతో ఉన్న గింజలు పొడిగాలికి ఎగిరి, తొలకరికి ముందే నేలమీద సిద్ధంగా ఉంటాయి.

కాస్త కిందుగా ఉన్న కానుగలది మరో పద్ధతి. పాత ఆకులు రాలిన కొన్ని వారాలకే, ఎండ ముదురుతున్న రోజుల్లోనే, నూనె రాసినట్టు మెరిసే చిగుళ్లు తొడుగుతాయి. జూన్‌లో వానలతో పాటు ఆకుతినే పురుగులు పెరిగేసరికి ఆ ఆకులు ముదిరి ఉంటాయని నాకు చదివి తెలుసు. కానీ ఆ లేతాకును చేత్తో పట్టుకుంటే గానీ అందులోని తెలివి నాకు అర్థం కాలేదు. నేరేడు మాత్రం పక్కనే పచ్చగా నిలిచి ఉంది. అన్ని చెట్లకూ ఒకే పంచాంగం లేదు. టేకు పూత కోసం ఏకంగా వానాకాలం దాకా ఆగుతుంది.

పెద్దాయన తమ ఊరి తునికాకు గురించి చెప్పారు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో పొదలను నరికితే నెలన్నరలో కొత్త ఆకు వస్తుందట. బీడీలకు పనికివచ్చేది ఆ లేతాకేనట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ కొండ మీద ఆకన్నది లేకుండా చేసినప్పుడు కూడా, పడిపోకుండా మిగిలిన చెట్లు కొద్ది వారాల్లోనే అకాలంగా చిగిర్చాయని, "అది సూసి ఏడుపొచ్చింది బాబూ" అని ఆయన అన్నారు. ఆ మాట దగ్గర మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు హనుమంతవాక దాటేవరకు రోడ్డు పక్క చెట్లనే చూస్తూ కూర్చున్నాను. మా ఊరి కాలువగట్టు మీద కూడా ఒక పెద్ద కానుగ ఉంది. బడికి వెళ్లే పదేళ్లూ దాని కిందనుంచే నడిచాను. అది ఏ నెలలో చిగురిస్తుందో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.