చుక్కకి ఇల్లు వెతుకుతూ ఒక ఆదివారం

ఆదివారం, రాత్రి 10.

ఏడింటికి మాత్ర. చుక్క ఫిట్స్ ఉన్న బెదురు కుక్క, బరువు 12 కిలోలు. కిలోకి 2.5 మిల్లీగ్రాముల లెక్కన డాక్టర్ ఫిట్స్‌కి ఫెనోబార్బిటోన్ రాశారు, అంటే పూటకి 30 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, పన్నెండు గంటలకోసారి. చేత్తో పెడితే తినదు. చెయ్యి కదిలితే చాలు మంచం కిందకి పోతుంది. పెరుగన్నంలో కలిపితే అన్నం తిని మాత్రని గిన్నె అంచున వదిలేస్తుంది. కుదిరిన పద్ధతి ఒక్కటే: ఉడికించిన కోడి లివర్ ముక్కలు మూడు, నేల మీద వరసగా. మాత్ర రెండోదాంట్లో. మూడో ముక్క కనిపిస్తుంటే రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. దవడ పట్టి వేయడం మాత్రం వద్దు. బెదురు కుక్కకి ఒక్కసారి అలా చేస్తే, ఆ తర్వాత లివర్ ముక్కని కూడా నమ్మదు.

చుక్కని పెంచుకుంటామని పొద్దుటి నుంచి మూడు ఫోన్లు. మొదటాయన అడిగింది ఒకటే: "బాగా మొరుగుతుందాండీ?" మొరగదు. రెండో అబ్బాయి మంచివాడే, కానీ షిఫ్టు ఉద్యోగం, ఒంటరిగా ఉంటాడు. ఈ మందుతో చిక్కు అక్కడే. పూట తప్పితే రక్తంలో మందు తగ్గిపోతుంది, ఉన్నట్టుండి మానేస్తే అదే ఫిట్స్‌ని తెస్తుంది. మూడోది మల్కాజ్‌గిరి వైపు, రిటైరైన దంపతులు.

ప్రకటనలో మొదటి వాక్యమే "ఫిట్స్ ఉన్నాయి, జీవితాంతం మాత్రలు" అని ఉండాలి. కింద ఫిట్స్ వచ్చినప్పటి వీడియో. దాచిపెట్టి "చాలా ఫ్రెండ్లీ" అని రాస్తే ఫోన్లు వెల్లువలా వస్తాయి, నెల తిరక్కుండా కుక్క కూడా వెనక్కి వస్తుంది. అలా తిరిగొచ్చిన బెదురు కుక్కని మళ్ళీ మనిషి దగ్గరకి తేవడం మొదటిసారి కంటే కష్టం.

సాయంత్రం ఆ దంపతుల ఇల్లు చూడడం అయింది. చూడాల్సింది ముందు గుమ్మం. తలుపు తీస్తే నేరుగా రోడ్డే. బెదురు కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే. వెనక్కి గుంజుకుంటే మెడ పట్టీ తలమీంచి జారిపోతుంది. అందుకని పట్టీ ఒకటి, ఛాతీకి కట్టే హార్నెస్ ఒకటి, రెండింటికీ వేర్వేరు తాళ్ళు. వరండాకి నడుమెత్తు జాలీ తలుపు పెట్టిస్తామన్నారు. సంపు మూత పగిలి ఉంది, అది మార్చాలి. మెట్లకి అడ్డం ఉండాలి, పైన ఉండగా ఫిట్స్ వస్తే దొర్లిపోతుంది. గ్రానైట్ నేల జారుతుంది కాబట్టి పడుకునే మూల నుంచి నీళ్ళ గిన్నె దాకా పాత చాపలు.

ఫిట్స్ వస్తే ఏం చేయాలన్నది రెండుసార్లు చెప్పించుకున్నారు. నోట్లో వేలు పెట్టొద్దు, కుక్క నాలుక మింగదు. తాళంచెవులు, ఉల్లిపాయ వద్దు (అమ్మగారు నవ్వారు గానీ, అప్పటికే ఆలోచన అటే పోయినట్టుంది). పక్కనున్న కుర్చీలు జరిపి, లైటు, టీవీ ఆపేసి, ఫోన్లో టైము చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోది వచ్చినా వెంటనే ఆసుపత్రికి. తేరుకున్నాక కాసేపు కళ్ళు కనిపించనట్టు తిరుగుతుంది. అప్పుడు ముద్దు చేయబోతే తెలియక కరవొచ్చు.

ఎవరూ చెప్పని సంగతి గోమార్లది. కర్పూరం నూనెలో కలిపి పూస్తారు. కుక్క నాకితే కర్పూరమే ఫిట్స్ తెస్తుంది. ఫ్లురాలనర్, అఫోక్సోలనర్ తరగతి గోమారి మందులతో ఫిట్స్ రావచ్చని 2018లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. డాక్టర్ని అడక్కుండా కొనొద్దు.

మాత్రల వల్ల దాహం, ఆకలి పెరుగుతాయి. నీళ్ళు తగ్గించకూడదు, పడుకోబోయే ముందు మరోసారి బయటికి తీసుకెళ్ళాలి. అన్నం మాత్రం కొలిచి పెట్టాలి, లేకపోతే లావెక్కుతుంది. ఆరు నెలలకోసారి లివర్ పరీక్ష. చీటీ లేనిదే మెడికల్ షాపులో ఈ మాత్ర ఇవ్వరు, అన్ని షాపుల్లో దొరకదు కూడా. పది రోజుల మాత్రలు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి.

"మరి ఎప్పుడు ముట్టుకోవాలమ్మా?" అని అమ్మగారు అడిగారు. అదే వచ్చి మోచేతిని వాసన చూసేదాకా ఆగాలి. వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా దానికి పక్కకి తిరిగి కూర్చుని పేపర్ చదువుకోవడమే, కళ్ళలోకి చూడకుండా. పెద్దాయన ఏమీ అనలేదు. ఏడు కొట్టగానే లేచి ఫ్రిజ్ మీది స్టీలు డబ్బా దించి, తన షుగర్ మాత్ర వేసుకుని, డబ్బాలో చుక్క మాత్రలకి ఒక అర ఖాళీ చేశారు.

శనివారం పొద్దుటి మాత్ర అయ్యాక చుక్క వెళ్తుంది, ముందు నెల రోజులకి. దానితో పాటు నెలకి సరిపడా మాత్రలు, చీటీ నకలు, కింద పరిచే పాత దుప్పటి. దుప్పటి ఉతకొద్దు.