గుమ్మర్స్‌బాఖ్‌లో ఆ నేల

జర్మనీలోని కొలోన్‌లో ఉంటూ కూడా గుమ్మర్స్‌బాఖ్ చూడటానికి నాకు రెండేళ్లు పట్టింది. దూరమేమీ కాదు, తూర్పు దిక్కున యాభై కిలోమీటర్లు. 2023 అక్టోబర్‌లో అక్కడ ఒక సాయంత్రం హ్యాండ్‌బాల్ మ్యాచ్‌కి టికెట్ దొరికింది. ఆ మధ్యాహ్నమే ఆర్‌బీ 25 రైలెక్కేశాను.

రైలు ఓవరాట్ దాటాక ఆగర్ నది పక్కనే పోతుంది. రెండు పక్కలా కొండలు, వాటి నిండా ఎర్రబారిన చెట్లు. మధ్యలో ఎంగెల్స్‌కిర్షెన్ అనే స్టేషన్ వస్తుంది. కార్ల్ మార్క్స్ స్నేహితుడు ఎంగెల్స్ వాళ్ల నాన్నకి నూలు మిల్లు ఉన్న ఊరు అదే. ఇంకో రోజైతే దిగేవాణ్ణే. ఆ రోజు మాత్రం నా మనసంతా ఒక్క మనిషి మీదే ఉంది. ఆయన ఒకప్పటి హ్యాండ్‌బాల్ ఆటగాడు యోఆఖిమ్ డెకార్మ్.

కరీంనగర్ జిల్లాలో మా హైస్కూల్లో మేం హ్యాండ్‌బాల్ ఆడేవాళ్లం. మా పీఈటీ సార్ సున్నంతో నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు కోర్టు గీయించి, గోల్ ముందు ఆరు మీటర్ల గీత దగ్గర నిలబడి, "ఎగిరి వెయ్యరా, పడితే పడ్డవ్!" అని అరిచేవాడు. ఎగిరేవాళ్లం, పడేవాళ్లం. కింద మొరం. నా ఎడమ మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఈ ఆటలో పడటం తప్పదు. గోల్ చుట్టూ ఉన్న గీత లోపల కాలు మోపకూడదు కాబట్టి గీత బయట నుంచి గాల్లోకి లేచి, కింద పడేలోపు బంతి విసరాలి. విసిరాక ఒళ్లు ఎక్కడ పడుతుందో నేల దయ.

కొలోన్ వచ్చాక ఒక చిన్న క్లబ్‌లో ఆడటానికి వెళ్తే, అక్కడి ముసలి కోచ్ మాకు మొదటిరోజే పడటం నేర్పించాడు. భుజం మీద దొర్లాలి, తల లోపలికి ముడవాలి. అది చెబుతూ డెకార్మ్ పేరెత్తి, కాసేపు మాట రాక ఆగిపోయాడు. ఇంటికొచ్చి ఆ రాత్రంతా ఆయన గురించే చదివాను.

డెకార్మ్ 1954 జనవరి 19న జార్‌బ్రుకెన్‌లో పుట్టాడు. అక్కడే ఆట మొదలుపెట్టి, 1973లో, పందొమ్మిదేళ్ల వయసులో, వీఎఫ్‌ఎల్ గుమ్మర్స్‌బాఖ్‌కి వచ్చాడు. యాభై వేల జనాభా ఉన్న ఈ ఊరి జట్టు అప్పటికే యూరప్ కప్పులు గెలిచిన జట్టు. ఊళ్లో హాలు చాలక పెద్ద మ్యాచ్‌లు డార్ట్‌మండ్‌లోని వెస్ట్‌ఫాలెన్‌హాలెలో ఆడేవాళ్లు. ఆయన వచ్చాక 1974, 75, 76 మూడేళ్లూ జర్మన్ చాంపియన్లు వీళ్లే. 1976 మార్చిలో తూర్పు జర్మనీ మీద కార్ల్‌మార్క్స్‌స్టాట్‌లో ఆడిన మ్యాచ్‌ని ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. డెకార్మ్ ఆడిన పశ్చిమ జర్మనీ జట్టు 8-11తో ఓడింది, అయినా గోల్స్ లెక్కలో ఒలింపిక్స్‌కి వెళ్లింది. ఆఖరి క్షణంలో వచ్చిన ఏడు మీటర్ల త్రోని, అంటే పెనాల్టీని, గోల్‌కీపర్ మన్‌ఫ్రెడ్ హాఫ్‌మన్ ఆపకపోతే ఆ దారి మూసుకుపోయేది. 1978 ఫిబ్రవరిలో కోపెన్‌హాగెన్‌లో సోవియట్ యూనియన్‌ని 20-19తో ఓడించి ప్రపంచ చాంపియన్లయ్యారు. దేశం తరఫున డెకార్మ్ ఆడిన మ్యాచ్‌లు 104, కొట్టిన గోల్స్ 381. అప్పటికింకా పాతికేళ్లవాడే.

1979 మార్చి 30న హంగరీలోని తతాబాన్యాలో యూరప్ క్లబ్బుల పోటీ కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్. ఎదురుగా వచ్చిన ఆటగాడి తలకి ఆయన తల తగిలింది. స్పృహ తప్పి వెనక్కి పడ్డాడు. చేతులు అడ్డం పెట్టుకునే తెలివి కూడా లేదు. కింద కాంక్రీటు, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర. పుర్రె చిట్లింది, మెదడు దెబ్బతింది. 131 రోజులు కోమాలో ఉన్నాడు.

ఆ గుద్దుకోవడంలో ఎవరి తప్పూ లేదు. అలాంటివి ఈ ఆటలో రోజూ జరుగుతాయి. అందుకే నా కోపమంతా ఆ నేల మీదే. మొరం మీద పడితే చర్మం పోతుంది, మళ్లీ వస్తుంది. కాంక్రీటు ఏమీ తిరిగివ్వదు.

గుమ్మర్స్‌బాఖ్‌లో దిగాక హాలు వెతుక్కోనక్కర్లేదు. స్టేషన్ దగ్గర్లోనే, ఒకప్పుడు బాయిలర్లు తయారుచేసిన ష్టైన్‌ముల్లర్ ఫ్యాక్టరీ స్థలంలో ష్వాల్బె అరీనా ఉంది. 2013లో కట్టారు, నాలుగు వేల పైచిలుకు జనం పడతారు. దాని ముందున్న చౌకుకి హైనర్ బ్రాండ్ పేరు పెట్టారు. 1978లో డెకార్మ్‌తో కలిసి కప్పు ఎత్తిన ఆయనే, 2007లో కోచ్‌గా మళ్లీ జర్మనీని ప్రపంచ చాంపియన్ చేశాడు. నాకు మాత్రం ఆ రెండు కప్పులకంటే ఇంకోటి గొప్పగా అనిపిస్తుంది. ప్రమాదం తర్వాత బ్రాండ్, మిగతా సహచరులు డెకార్మ్‌ని వదల్లేదు. దశాబ్దాల పాటు వెళ్లి కలుస్తూనే ఉన్నారు. జార్‌బ్రుకెన్‌లో ఆయన చిన్ననాటి కోచ్ వెర్నర్ హుర్టర్ 1982 నుంచి పక్కనే ఉండి నడక, మాట మళ్లీ మొదటినుంచి నేర్పించాడు. ప్రపంచ చాంపియన్ అయిన శిష్యుడికి అడుగు వెయ్యడం నేర్పిన ఆ గురువు గురించి చదివినప్పుడు నాకు మా పీఈటీ సార్ గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. డెకార్మ్ 2018లో తన పాత జట్టు ఊరికే తిరిగొచ్చాడు. ఆయన్ని కలవాలని నేను ప్రయత్నించలేదు. బాగోలేని మనిషి గుమ్మంలోకి ముక్కూమొహం తెలియనివాణ్ణి వెళ్లడం మర్యాద కాదనిపించింది.

లోపల డప్పులు. మా బతుకమ్మ రాత్రుల మోతకి తక్కువేం కాదు. నా పక్క సీటులో డెబ్బై దాటిన పెద్దాయన. ఇండియా నుంచి వచ్చి హ్యాండ్‌బాల్ చూస్తున్నానంటే నమ్మలేదు. డెకార్మ్ పేరు చెప్పగానే నా వైపు పూర్తిగా తిరిగి, "మేం యో అనేవాళ్లం. ఆయన గాల్లోకి లేస్తే అక్కడే ఆగినట్టుండేది" అన్నాడు. తర్వాత అరగంట సేపు ఆటకంటే ఆయన మాటలే ఎక్కువ విన్నాను.

మ్యాచ్ అయ్యాక పిల్లలు బిలబిలమంటూ కోర్టులోకి దిగారు, సంతకాలకి, ఫొటోలకి. నేనూ వాళ్ల వెనకే దిగాను. ఎనిమిదేళ్ల పిల్లాడొకడు గీత దగ్గర ఎగిరి, లేని బంతిని విసిరి, పొట్ట మీద జారి, నవ్వుతూ లేచాడు. నేను వంగి అరచెయ్యి ఆనించి నొక్కాను. నేల కొద్దిగా లోపలికి కుంగి, మళ్లీ పైకొచ్చింది. ఆటగాళ్లు పట్టు కోసం వేళ్లకి రాసుకునే జిగురు అక్కడంతా మరకలై ఉంది. నా చేతికంటిన ఆ జిగురు రైల్లో సబ్బుతో కడిగినా పోలేదు.