మా డాబా మీద మధ్యాహ్నం నీడ

మా వంటింటి గోడ మీద ఆరు పెన్సిల్ గీతలున్నాయి. కిటికీ మూల నుంచి ఒక బీట బయల్దేరి ఏటవాలుగా పైకి పోతోంది. అది ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ అడ్డంగా ఒక గీత గీసి, పక్కన తేదీ రాస్తున్నాను. మొదటి గీతకీ ఆరో గీతకీ మధ్య నా జానెడు దూరం.

మాది హైదరాబాద్‌లో పుప్పాలగూడ. వెయ్యి గజాల్లో ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. 2009లో వచ్చాం. దక్షిణం వైపు, సందు దాటితే, ఐదెకరాల జాగా. అంతా బండరాళ్లు, నాలుగు వేపచెట్లు, ఒక చింతచెట్టు. మేము వచ్చిన కొత్తలో అక్కడ గొర్రెలు మేసేవి. ఇప్పుడక్కడ 44 అంతస్తుల టవర్లు రెండు లేస్తున్నాయి. పునాదికి ముందు నాలుగు సెల్లార్లు తవ్వాలి, కింద ఉన్నదంతా రాయి. అందుకని ఏడాది పాటు బ్లాస్టింగ్ చేశారు. ముందు విజిల్ వేస్తారు, సందు చివర ఒకబ్బాయి ఎర్రజెండా పట్టుకుని బండ్లు ఆపుతాడు, ఆ తర్వాత కాళ్ల కింద నేల ఒక్కసారి ఎగిరినట్టవుతుంది. అలమరలో స్టీలు గిన్నెలు గలగలమంటాయి. మా కింది ఫ్లాట్ పెద్దాయనకి గుండెకి స్టెంట్ వేశారు. విజిల్ వినగానే ఆయన వచ్చి మా మెట్ల మీద కూర్చునేవారు. "లోపలుంటే టెన్షన్‌గా ఉంటుందమ్మా, నలుగురి మధ్య ఉంటే పర్లేదు" అనేవారు.

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో దీని మీద రెండేళ్లుగా వాదన నడుస్తోంది. సగం మంది, టవర్ వస్తే మన ఫ్లాట్ల రేటు కూడా పెరుగుతుంది, ఊరికే గొడవెందుకంటారు. మిగతా సగం మంది, ఇంత చిన్న చోట ఇన్ని వందల కుటుంబాలా, ఎలాగైనా ఆపాలంటారు. నేనూ మొదట్లో ఆ రెండో సగంలోనే ఉన్నాను. ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పినదాన్ని కదా, ఒకరోజు ఆ "ఇన్ని వందలు" ఎంతో చూద్దామని కాగితం తీసుకున్నాను.

రెండు టవర్లు, అంతస్తుకి నాలుగు ఫ్లాట్లు, మొత్తం 352. జాగా ఐదెకరాలు. అంటే ఎకరానికి 70. మాది వెయ్యి గజాల్లో 20. ఎకరం 4,840 గజాలు కాబట్టి ఎకరానికి 97. మళ్లీ వేశాను. అదే వచ్చింది. ఆ 44 అంతస్తుల కంటే మా ఐదంతస్తుల్లోనే జనం ఒత్తుగా ఉన్నారు!

ఆలోచిస్తే కారణం తెలిసింది. అక్కడ ఒక్కో ఫ్లాటు నాలుగు వేల చదరపు అడుగులు, మావి పన్నెండు వందలు. పైగా ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ ఖాళీ వదలాలి. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ ప్రకారం 55 మీటర్ల భవనానికే 16 మీటర్ల సెట్‌బ్యాక్. ఆపైన ఇంకా పెరుగుతుంది. మా గోడకీ పక్క అపార్ట్‌మెంట్ గోడకీ మధ్య ఒక మనిషి నడిచే సందుంది, అంతే. కాబట్టి ఎత్తు వేరు, జనసాంద్రత వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే మా గ్రూపులో ఇంతకాలం ఎవరి మాట ఎవరికీ అర్థం కాలేదు. "ఆకాశంలోకి కడితే భూమి మిగులుతుంది, ఊరు అడ్డంగా పెరగదు" అనే మాట కూడా ఇలాంటి ఖరీదైన టవర్ల విషయంలో నిలబడదు. మిగలాల్సిన భూమి పెద్ద పెద్ద హాళ్లకీ, ఇంటికి మూడేసి కార్లకీ పోతోంది. ఆ మూడుతో గుణిస్తే ఎకరానికి రెండువందల పైచిలుకు కార్లు. మాకు ఇంటికి ఒకటి చొప్పున వేసుకున్నా వంద లోపే. జనం మాకంటే తక్కువ, కార్లు రెండింతలు. రోడ్డు మాత్రం అందరికీ అదే.

కోకాపేటలో 31వ అంతస్తులో అద్దెకుండే మా అమ్మాయికి ఫోన్ చేసి ఈ లెక్క చెప్పాను. అది ఊరుకుంటుందా?

"అమ్మా, మీ కాలనీలో ఒక్క ఫ్లాటు ఖాళీ ఉందా చెప్పు. ఉంటే మేం అక్కడికే వచ్చేవాళ్లం. ఉన్నవాళ్లందరూ ఇక కట్టొద్దంటే, కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కడుండాలి?"

దాని మాటలో నిజముంది. మేమూ ఒకప్పుడు ఖమ్మం నుంచి రెండు ట్రంకు పెట్టెలతో వచ్చినవాళ్లమే. 2006లో జీవో 86 వచ్చినప్పుడు, ఈ నగరంలో స్థలానికి ఇంతకు ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి, అదే ఎఫ్ఎస్ఐ, తీసేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, విమానాశ్రయం వాళ్ల ఎత్తు అనుమతి, ఇవి కుదిరితే ఎంతైనా లేపుకోవచ్చు. ముంబైలో పాత నగరమంతా ఎన్నో ఏళ్లు 1.33 రెట్ల దగ్గర ఆగిపోయింది. అక్కడ మా చెల్లెలు ఇద్దరు పిల్లలతో ఎంత గదిలో కాపురం చేసిందో నాకు తెలుసు. ఇళ్లు కట్టనివ్వని నగరం పేదవాళ్లనే ముందు బయటికి తోస్తుంది. అది ఒప్పుకుంటాను. మా మనవరాలు రాత్రి ఎనిమిదింటికి కూడా వాళ్ల టవర్ కింద భయం లేకుండా సైకిల్ తొక్కుతుంది. మా సందులో పట్టపగలు కూడా తొక్కలేదు. అదీ ఒప్పుకుంటాను.

మరి నా బాధ దేని గురించి? ముందు నీళ్ల గురించి.

నాలుగు సెల్లార్ల గుంత అంటే దాదాపు ఐదంతస్తుల లోతు. అంత లోతున చుట్టుపక్కల భూమిలో ఉన్న నీరంతా ఆ గుంతలోకి ఊరుతుంది. పని ఆగకూడదు కాబట్టి మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు తోడి నాలాలోకి వదిలారు. నేను చూస్తూనే ఉన్నాను, ఎండాకాలంలో మా సందు పక్క నాలాలో తేటనీళ్లు గలగలా పారుతున్నాయి. సరిగ్గా ఆ నెలల్లోనే మా బోరు ఎండింది. ముందు కుళాయి దగ్గింది, గాలీ నీళ్లూ కలిసి ఉమ్మింది. తర్వాత ఎర్రటి బురద వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. పదిహేనేళ్లలో మొదటిసారి ట్యాంకర్‌కి డబ్బు కట్టాం. తెల్లారి ఐదింటికి ట్యాంకర్ సంపులోకి పోస్తుంటే అటు నాలాలో నీళ్ల చప్పుడు, ఇటు పైపులో నీళ్ల చప్పుడు. నేను గేటు దగ్గర నిలబడి రెండూ విన్నాను.

రేపు ఆ టవర్లలో జనం దిగాక ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున లెక్క వేసినా లక్షా తొంభై వేల లీటర్లు కావాలి. పదివేల లీటర్ల ట్యాంకర్లు పంతొమ్మిది, రోజూ. "గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదలరు" అనే మాట అందరం అంటుంటాం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ చెరువు మాకు పక్కనే ఉంది కానీ, ఊరి దాహం తీరుస్తున్నది ఇప్పుడు ఎక్కువగా కృష్ణా, గోదావరి. సాగర్ నుంచీ ఎల్లంపల్లి నుంచీ వంద కిలోమీటర్ల పైగా పంపు చేసి తెస్తున్న నీళ్లు. ఆ నీళ్ల లైన్ మా వైపు ఎప్పుడు, ఎంత వస్తుందో తేల్చాకే అంతస్తులు తేల్చాలి. ఇప్పుడు రోడ్డు వంద అడుగులుందా అని కొలుస్తున్నారు, రోడ్డు కింద ఏముందో కొలవడం లేదు. మెట్రో కూడా రాయదుర్గంలో ఆగిపోతుంది. 2017 నుంచి రైలు తిరుగుతున్న స్టేషన్ల పక్కన ఇంకా రెండు మూడంతస్తుల ఇళ్లుంటే, రైలు లేని చోట 44 అంతస్తులు. ఇది తిరగేసి ఉండాల్సింది.

ఇవన్నీ రాసుకుని, మరో ముగ్గురితో కలిసి సంబంధిత ఆఫీసుకి వెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు, ఫైలు తెరిచి చూపించారు. ఫైర్ ఎన్ఓసీ ఉంది. ఎయిర్‌పోర్ట్ అనుమతి ఉంది. పర్యావరణ అనుమతి ఉంది. "మరి చుట్టుపక్కలవాళ్ల అభిప్రాయం ఎక్కడ తీసుకున్నారు సార్?" అని అడిగాను. "దీనికి అది ఉండదు మేడమ్" అన్నారు.

నిజంగానే ఉండదు. ఇంటికొచ్చి 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వెతికి చదివాను. పెద్ద సున్నపురాయి గనికైతే ఊళ్లో షామియానా వేస్తారు, అధికారులొస్తారు, మైకు ఇస్తారు, రైతు లేచి తన మాట చెప్తాడు. భవనాలకీ టౌన్‌షిప్‌లకీ మాత్రం ఆ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అందులో స్పష్టంగా మినహాయింపు ఉంది. కాబట్టి మా మాట చెప్పుకోవడానికి మాకు మిగిలింది వాట్సాప్ గ్రూపే. అక్కడ మేం ఒకరినొకరం తిట్టుకున్నాం. ఎవరికి చెప్పాలో వాళ్లెవరూ ఆ గ్రూపులో లేరు.

నీడ సంగతి కూడా చెప్పాలి. మా పదో తరగతి పిల్లలకి త్రికోణమితి అనువర్తనాల్లో ఏటా స్తంభాల నీడలు కట్టించాను. డిసెంబరు చివర హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. టవర్ దాదాపు 140 మీటర్లు. నీడ ఉత్తరానికి 120 మీటర్లు పడుతుంది. మేము ఉత్తరాన యాభై మీటర్లలో ఉన్నాం. మొన్న సంక్రాంతి ముందు డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టాను. ఇంకా ముప్పై అంతస్తులే లేచాయి, అయినా పదకొండింటికి నీడ వచ్చి చీర అంచు మీద పడింది. రెండింటి దాకా కదల్లేదు. మూడు రోజుల్లో గలగలలాడాల్సిన వడియాలు ఐదోరోజు పట్టుకుంటే వేలికి మెత్తగా తగిలాయి, అడుగున బూజు.

ఇప్పుడు ఒక అర్జీ రాశాను. టవర్ ఆపమని కాదు. సెల్లార్ గుంతల్లో తోడిన నీళ్లని నాలాలో కాకుండా చుట్టుపక్కల ఇంకుడు గుంతల్లోకి వదిలించమని, బ్లాస్టింగ్‌కి ముందే ఇరుగుపొరుగు ఇళ్ల గోడలు ఫొటోలు తీసి రికార్డు చేయించమని, నీళ్ల లైన్, డ్రైనేజీ లైన్ వచ్చాకే జనాన్ని దిగనివ్వమని, ఇక మీదట ఇంత ఎత్తు కట్టేచోట ఒక్కరోజైనా షామియానా వేసి మమ్మల్ని పిలవమని. మా ఇరవై ఫ్లాట్లలో పద్నాలుగు సంతకాలయ్యాయి.

అమ్మాయికి పంపితే సాయంత్రం ఫోన్ చేసింది. వాళ్ల టవర్ పక్కన ఇంకో గుంత తవ్వుతున్నారట. "మా అసోసియేషన్ గ్రూపులో కూడా పెడతానమ్మా. నీళ్ల పేరా బాగుంది. వడియాల పేరా మాత్రం తీసెయ్, అది చూసి మిగతాది కూడా చదవరు."

రాత్రి మళ్లీ చదువుకున్నాను. ఆ పేరా ఉంచాను.